కోల్టన్‌కి పిలుపొచ్చింది

వెర్లిన్,

పొయ్యి మీద చిక్కుడుగింజల సూప్ ఉంది, వేడి చేసుకుని తాగు. కుక్కను మంచులోకి వదలకు, దాని కాలు ఇంకా మానలేదు. లైబ్రరీ నుంచి ఆరింటికొస్తాను.

రెండేళ్ల కింద వేసవిలో మన మేడమీద గదిలో ఉంటూ చిన్న లీగులో బేస్‌బాల్ ఆడిన కోల్టన్ లేడూ? మోచేతికి ఆపరేషన్ అయినప్పుడు "ఇక వాడి పని అయిపోయింది నోరీన్, వదిలెయ్" అన్నావు. నేను వదల్లేదు. ఆటల్లేని ఈ చలికాలమంతా వాడి కబుర్లు వెతుక్కుంటూనే ఉన్నాను. పొద్దున వాళ్లమ్మ ఫోన్ చేసింది. "పెద్ద జట్టువాళ్లు ఫ్లోరిడాలో శిక్షణ శిబిరానికి రమ్మన్నారండీ! బంతి మునుపటికన్నా జోరుగా విసురుతున్నాడు" అంది. నాకు ముందే తెలుసు. మార్చిలో వాణ్ణి చూడ్డానికి ఫ్లోరిడా వెళ్తున్నాం, సెలవు అడుగు.

తా.క. చేతిజోళ్ల కోసం నీ సొరుగు తెరిచాను. వాడి గురించి పేపర్లో పడ్డ ప్రతి ముక్కా కత్తిరించి దాచావు, పోయిన ఆదివారం దాకా. ఏం మనిషివయ్యా!