సెల్లార్‌లో ఒకే ఒక్క ప్లగ్గు

నర్సరీ ప్రవేశాల విభాగాధికారి గారి సముఖమునకు,
పురపాలక కార్యాలయం.

నవంబరు 19, మంగళవారం

అయ్యా,

విషయం: లిపా కాలనీ 24వ బ్లాకు, బి గుమ్మంలో ఇంటర్నెట్ సక్రమంగా పనిచేసినదని నేను ముద్ర వేసి ఇచ్చిన ధ్రువపత్రమును రద్దు పరచి, ఐదవ ఫ్లాటులోని నాలుగేళ్ల రాలిత్సా గోచెవాకు నర్సరీ ప్రవేశంలో పోయిన వరుసను తిరిగి ఇప్పించుట గురించి.

నేను, నెవేనా తాషెవా, గృహిణిని. సదరు గుమ్మంలోనే రెండవ ఫ్లాటులో కాపురముంటున్నాను. గుమ్మంలోని, అనగా ఒకే మెట్లదారి వాడుకునే ఇళ్లవారందరూ చేతులెత్తి ఎన్నుకొనగా నిర్వాహకురాలిగా మెట్ల దీపాలు, లిఫ్టు, సెల్లార్ తాళాలు, గుమ్మపు ముద్ర నా అధీనంలో ఉన్నవి. ఆ ముద్రను సరిగా వాడలేదని తెలియజేసుకుంటూ, జరిగినది వరుసగా మనవి చేయుచున్నాను.

1. ఐదవ ఫ్లాటు పూర్వం ఇంజనీరు వూత్యో పపాజోవ్ గారిది. ఆయన కాలం చేసిన పిమ్మట సిల్వియా గోచెవా అను ఒంటరి తల్లి కూతురితో అందులో అద్దెకు దిగినది. బల్ల, మంచం, ఆయన పాత కంప్యూటరు, అన్నీ ఆ ఇంటితోనే ఆమెకు దక్కినవి. ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోను. కావున తమ కార్యాలయంతో ఆమె వ్యవహారమంతా ఆ కంప్యూటరు ద్వారానే సాగవలసియున్నది.

2. ఈ నెల విడుదలైన ఖాళీల జాబితాలో రాలిత్సాకు సీటు వచ్చినది. శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు తల్లి తమ పేజీలోకి వెళ్లి సమ్మతి తెలుపవలెను. తెలుపనిచో సీటు వద్దన్నట్టు భావింపబడును. సిల్వియాకు ఆసుపత్రి దోబీఖానాలో ఉద్యోగం దొరికినది. పిల్లను దింపే చోటు ఉంటేనే ఆ ఉద్యోగం.

3. అదే శుక్రవారం నేను సెల్లార్‌లో క్యాబేజీ పనిలో ఉన్నాను. చలికాలానికి క్యాబేజీ ఊరవేసి పీపా నింపిన ప్రతి ఇంట్లోనూ ఉండే పనే. పీపాలోని ఉప్పునీరు కదలకుండా ఉంటే క్యాబేజీ మెత్తబడి వాసన కొడుతుంది. మా ఆయన స్లావ్చో ఈసారి గొట్టంతో నోటితో ఊదే బాధ లేకుండా, చేపల తొట్టిలో గాలి కొట్టే చిన్న మోటారు తెచ్చిపెట్టారు. సెల్లార్‌లో ఉన్నది ఒకే ఒక్క ప్లగ్గు. అందులో, పై అరలో ఉన్న బూడిదరంగు పెట్టె ఒకటి ఎప్పటినుంచో గుచ్చి ఉన్నది. దానిపై పచ్చదీపం వెలుగుతున్నది. దాని తీగ పీకి నా మోటారు గుచ్చాను. దీపం ఆరిపోయినది. చనిపోయినవారి సామాను, ఎవరికీ పనికిరాదు అనుకున్నాను.

4. కొంతసేపటికి సిల్వియా పిల్లను చంకన వేసుకుని సెల్లార్ మెట్లు దిగి వచ్చినది. అప్పటి మాటలను మార్చకుండా ఇక్కడ పొందుపరచుచున్నాను.

"పిన్నీ, నెట్ రావట్లేదు. మున్సిపాలిటీ పేజీ తెరుచుకోవట్లేదు. ఐదింటికి మూసేస్తారు."

"నాకు పొద్దున్నించీ వస్తూనే ఉందే! ఇప్పుడే వీడియో చూసి కిందకి దిగాను."

"అయితే మీ కంప్యూటర్లో ఒక్క నిమిషం..."

"నా చేతులు చూడు సిల్వియా. మోచేతుల దాకా ఉప్పునీళ్లు. ఇదొక్కటీ అవనీ. ఈలోపు నీది ఆపి మళ్లీ పెట్టు."

"మూడుసార్లు పెట్టాను పిన్నీ."

"నాలుగోసారి పెట్టు. ఆ ముసలాయన కాలంనాటి డబ్బా పట్టుకుని గుమ్మం మొత్తాన్నీ ఆడిపోసుకుంటే ఎలా?"

ఈ మాట అని నేను నవ్వినట్టు కూడా నమోదు చేయవలసినది. పిల్ల మాత్రం పీపా వంక చూసి, "అమ్మా, ఇది గురక పెడుతోంది," అన్నది.

నా ఫ్లాటు తాళం నా ఏప్రాను జేబులోనే ఉన్నది. చేయి తుడుచుకుని తీసి ఇస్తే సరిపోయేది. సిల్వియా పైకి వెళ్లి మరో మూడు తలుపులు కొట్టినదట. పనివేళ కనుక ఎవరూ లేరు. బస్సెక్కి తమ కార్యాలయానికి చేరేసరికి కాపలాదారు తాళం వేయుచున్నాడు.

5. సోమవారం ఆమె తమకు విన్నవించుకొనగా, గుమ్మం నిర్వాహకుల నుంచి ధ్రువపత్రం తెమ్మని తాము సెలవిచ్చినారు. పత్రం నేనే రాసి ఇచ్చాను. "సదరు దినమున బి గుమ్మంలో ఇంటర్నెట్ అంతరాయం లేకుండా పనిచేసినది" అని రాసి, సంతకం చేసి, ముద్ర నొక్కాను. అబద్ధపు కాగితంపై ముద్ర వేయని మనిషినన్న గర్వం నాకున్నది. కానీ నేను చూసినది నా ఒక్క ఇంటి కంప్యూటరునే. పైకి వెళ్లి ఆమెది చూడలేదు. ఆ కాగితం ఆధారంగానే తమరు ఆమె విన్నపమును తోసిపుచ్చి, రాలిత్సాను జాబితా చివరకు పంపి, "తల్లి సీటు నిరాకరించినది" అని వ్రాసినారు.

6. ఈ ఉదయం తమ జవాబు పట్టుకుని సిల్వియా నా తలుపు ముందు నిలబడినది.

"మీ కాగితమే మమ్మల్ని ముంచింది పిన్నీ. పైకి రండి. మీ కళ్లతో చూడండి."

నా ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఆమె ఇంటి తీగనే నా దానికి తగిలించి చూస్తే తమ పేజీ తెరుచుకున్నది. అదే తీగ ఆమె దానికి తగిలిస్తే తెరుచుకోలేదు. తప్పు ఆమె కంప్యూటరుదే అని పైకి అనేశాను కూడా. అయినా పనిని సగంలో వదలడం నాకు చేతకాదు కనుక, ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేశాను.

"పేజీ పేరు కొట్టకండమ్మా," అన్నది అక్కడి అమ్మాయి. "నేను చెప్పే అంకెలు కొట్టండి. తెరుచుకుందా?"

"తెరుచుకుంది!"

"చూశారా, దారి బాగానే ఉంది. దారి చెప్పేవాడే పలకట్లేదు. పేర్లు ఎవర్ని అడగమని రాసుందో సెట్టింగ్స్‌లో చదవండి."

చదివాను.

"ఈ అంకె మాది కాదమ్మా. మీ బిల్డింగ్ లోపలిదే. ఎవరైనా ఎక్కడైనా ఏదైనా పెట్టె పెట్టారేమో చూడండి."

సెల్లార్‌లో నేను పీకిన తీగ అప్పుడు గుర్తుకొచ్చినది.

7. ఈ సంగతి తమకు నా మాటల్లో విన్నవిస్తాను. కొత్త పోస్ట్‌మాన్‌కు కవరు మీది పేరు తెలుసు, ఫ్లాటు నంబరు తెలియదు. వచ్చి నా తలుపు కొట్టి అడుగుతాడు. నేను తలుపు తీయకపోతే ఉత్తరం చేరదు. కంప్యూటరు కూడా అంతేనట. పేరు చెప్పి నంబరు అడగడానికి దానికి ఒకరు ఉండాలి. ఇంటర్నెట్ నత్తనడక నడిచిన రోజుల్లో వూత్యో గారు గుమ్మం అందరి కోసం అలా జవాబు చెప్పే పెట్టె ఒకటి సెల్లార్‌లో పెట్టినారు. తరువాత అందరూ కొత్త కంప్యూటర్లు కొనుక్కొనగా, అవి కంపెనీవారినే అడుగుట మొదలుపెట్టినవి. ఆయన పాత కంప్యూటరు ఒక్కటే ఇంకా ఆ పెట్టెనే అడుగుచున్నది. సెల్లార్ తాళం నా చేతికిచ్చిన రోజు ఆయన, "నెవేనా, ఆ పచ్చదీపం ఆర్పకు తల్లీ," అన్నారు. "అలాగే బాబాయ్," అన్నాను. ఆయన వర్ధంతికి సంస్మరణ పత్రం ఏటేటా మా గుమ్మం తలుపుకు అంటించేది నేనే. ఆయన చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం నాకు గుర్తులేకపోయినది.

8. సిల్వియాను సెల్లార్‌కు తీసుకువెళ్లి ప్లగ్గు చూపించాను. మోటారు ఆడుతూనే ఉన్నది. పీపాలో బుడగలు. ఆమె పీపా మీదికి వంగి చూసినది.

"క్యాబేజీకి ఊపిరి ఆడిందా పిన్నీ?"

దోబీఖానా వారు పని నేర్చుకోవడానికి మర్నాటి నుంచే రమ్మన్నారట. పిల్లను ప్రతిరోజూ నేను చూసుకుంటానని అన్నాను.

"నాకు వేరే దిక్కు లేదు కాబట్టి వదుల్తాను. మిమ్మల్ని క్షమించి కాదు."

"అలాగేనమ్మా."

"ప్రవేశం అయ్యేదాకే ఇది. దోబీఖానాలో నెలాఖరుకి నర్సరీ కాగితం చూపించమన్నారు. అది లేకపోతే పని లేదు. మీరు రాయండి."

ఆ మాట మీదనే ఈ అర్జీ రాయుచున్నాను.

9. కావున తమరు దయయుంచి,

నా ధ్రువపత్రమును కొట్టివేసి, ఆ కాగితం మీదనే "నిర్వాహకురాలి అశ్రద్ధ" అని వ్రాయవలెను. "తల్లి సీటు నిరాకరించినది" అన్న వాక్యం తీసివేయవలెను. సిల్వియా నిరాకరించలేదు, మెట్లు దిగి వచ్చి అడిగినది. ఆ సీటు ఇప్పటికే మరొక బిడ్డకు ఇచ్చియున్నచో ఆ బిడ్డను లేపవద్దు. వచ్చే మొదటి ఖాళీ రాలిత్సాకు ఇవ్వవలెను. ఇందుకు నాపై ఏ చర్య తీసుకున్నా అంగీకారమే. ముద్ర తిరిగి ఇచ్చేయమంటే ఇచ్చేస్తాను.

ఇంటర్నెట్ కంపెనీవారి లిఖితపూర్వక వాంగ్మూలము, ప్లగ్గు ఫోటో జతపరచినాను. ఫోటోలో పీపా కూడా పడినది, మన్నించగలరు. పెట్టెను తిరిగి గుచ్చాను, పచ్చదీపం వెలుగుచున్నది. పీపాను ఇప్పుడు నోటితోనే ఊదుచున్నాను.

నా మాట కాదు, ఆ బిడ్డ వరుసనే చిత్తగించి న్యాయము చేయవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
నెవేనా తాషెవా
(బి గుమ్మం నిర్వాహకురాలు, ప్రస్తుతానికి)

తా.క.: పైన తేదీ మంగళవారమని ఉన్నది. తమ గుమాస్తా వేసే ముద్ర శుక్రవారానిది అవుతుంది. రెండూ సరైనవే. అర్జీ మంగళవారమే పూర్తయినది.

బుధవారం పొద్దున్న రాలిత్సా వచ్చినది. రొట్టె మీద లుతెనిత్సా పచ్చడి రాసిపెడితే, మూతంతా ఎర్రగా చేసుకుని తిన్నది. పీపా గురక వింటానంటే సెల్లార్‌కు తీసుకువెళ్లాను. గొట్టం తనే పట్టుకుని ఊదినది. మాకు పిల్లలు లేరు. మర్నాడు నన్ను "బామ్మా" అన్నది. ఈ అర్జీ కాగితాన్ని రొట్టెల బుట్ట కింద పెట్టాను. రేపు ఇద్దామనుకున్నాను.

నిన్న సాయంత్రం సిల్వియా పిల్లను తీసుకువెళ్తూ అడిగినది. "పిన్నీ, అర్జీ ఇచ్చేశారా?"

"ఇచ్చేశానమ్మా," అన్నాను.

ఈ ఆలస్యానికి ఏ ప్లగ్గూ కారణం కాదు. రెండు తేదీలనూ విచారణలో కలపండి. సీటు మాత్రం త్వరగా ఇప్పించండి. నేను మళ్లీ ఆలస్యం చేయకముందే.