నిన్ను కొట్టిన వైరు పట్టుకున్న

బుజ్జోడా,

ఇయ్యాల నీ దోస్తు సలీం మన చర్లకొచ్చి, నువ్వు దూరమోళ్లతోని మాట్లాడే పాత రేడియో మిషను బాగు చేస్తనన్నడు. నాకు నెత్తురు మరిగింది. నిన్ను సంపిన మిషను గాదా! గొడ్డలి తీసి దాని మీద ఒక్క దెబ్బేస్తె రేకు సొట్టబడ్డది. అడ్డమొచ్చిన సలీంను గూడ గుద్దిన. పెదవి పగిలి నెత్తురొచ్చింది.

"నన్ను కొట్టు పెద్దమ్మా, దాన్నొదులు. గోదారి వరదొచ్చి ఫోన్లు బందైతె మన మాట భద్రాచలం దాక మోసేది గిదే," అన్నడు.

గొడ్డలి ఇడువకుంటనే కూసున్న. లోపలి గాజు బల్బులు కాగకుండ వాడు కొత్త ఫ్యాను పెట్టిండు. మాట్లాడేటందుకు నువ్వు నొక్కే స్విచ్చు వైరు లేదా, గదే నీకు షాకు కొట్టింది, దానికి నడుమ కరెంటును అడ్డుకునే రిలే అనే చిన్న డబ్బి బిగించిండు. ఇగ పెద్ద కరెంటు చేతి దాక రాదంట.

"అబద్ధమైతె నరుకుత బిడ్డా," అన్న.

మిషను ఆన్ జేసి వైరు పట్టుకోని నవ్విండు. గుంజుకోని నేను గూడ పట్టుకున్న. చీమ కుట్టినంత గూడ కాలె.

గప్పుడు గొడ్డలి కింద పెట్టి వాని పెదవికి పసుపద్దిన, అన్నం పెట్టిన. నీ పటం ముంగట గూడ ఇస్తరేసిన, కడుపునిండ తిను నాయనా.