బాలయ్య కార్మికుడేనని తీర్పు వచ్చింది

మల్లేశన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు, అయినా రాస్తున్నాను. మన పత్రికను నెలకొకసారైనా తెస్తున్నాను.

యాచారం దగ్గరి రసాయనాల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి బాలయ్య చనిపోతే, ఆయన తమ దగ్గర పనే చేయలేదంది యాజమాన్యం. నువ్వు ఊళ్లు తిరిగి, ఆయనతో పనిచేసిన ఇద్దరిని వెతికి పట్టుకుని మాట్లాడించావు. "వార్తల పేర్లు వద్దన్నా, వాళ్ల పని పోతది" అని భయపడ్డాను.

"వాళ్లే పెట్టుమన్నరు చెల్లె. పేరు లేకుంటే ఎవలు నమ్ముతరు?" అన్నావు.

వార్త వచ్చిన వారానికే ఇద్దరి పనీ పోయింది. మనకు ప్రకటనలూ ఆగిపోయాయి. నా భయమే నిజమైందని నువ్వు నాతో సరిగా మాట్లాడని రోజులవి.

ఆ ఇద్దరే కోర్టులో సాక్ష్యం చెప్పారు. మొన్న, బాలయ్య అక్కడి కార్మికుడేనని తీర్పు వచ్చింది. ఆయన భార్య యాదమ్మ ఆ కాగితం పట్టుకుని ఇబ్రహీంపట్నంలోని మన ఆఫీసుకు వచ్చింది.

"గాడ పనిచేసిండని రాసిన్రా?"

"అవ్, రాసిన్రు" అని ఆ వాక్యం చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీ అన్నకు జెప్పు బిడ్డా" అంది. నీ అంత్యక్రియలకు వచ్చిన మనిషే ఆమె.

అందుకే చెబుతున్నాను.

నీ చెల్లె,
సరిత