నాలుగో పెట్టె

రేపల్లె

ప్రియమైన మా వారికి,

ఫోన్లో మాట్లాడేటప్పుడు అత్తయ్య పక్కనే ఉంటారు, నాకు మాట రాదు. అందుకే మీ దగ్గరున్న పెట్టెల ఈగలకు చక్కెర తెస్తున్న జనార్దనరావు బాబాయి వ్యానులో ఈ ఉత్తరం పంపుతున్నాను. వేళకు తింటున్నారా? ఎండలో తలకు తువ్వాలు చుట్టుకోండి.

ఇక్కడున్న తేనె పెట్టెల్లో నాలుగోది బాగాలేదు. ఈగలు పొట్టలు ఉబ్బి, ఎగరలేక నేల మీద పాకుతున్నాయి. పెట్టె ముందంతా గోధుమరంగు మరకలు. బలమైన పెట్టెలో కలిపెయ్యమంటున్నారు అత్తయ్య. నాకెందుకో చెయ్యి రావడం లేదు. ఏం చెయ్యమంటారు?

మీ సౌజన్య

కొల్లిపర

ప్రియమైన సౌజన్యకు,

కలిపెయ్. మధ్యలో న్యూస్ పేపరు పరిస్తే, రెండు పెట్టెల ఈగలూ దాన్ని కొరుక్కుంటూ కొట్టుకోకుండా ఒక్కటవుతాయి. నాన్న ఇరవై ఏళ్లు అలాగే చేశాడు. ఇక్కడా రెండు పెట్టెలు నీరసంగా ఉన్నాయి, బుధవారం కలిపేస్తా. పొద్దుతిరుగుడు పూత బాగుంది. నువ్వే లేవు.

నీ రమేష్

రేపల్లె

ప్రియమైన మా వారికి,

మీ మాట కాదన్నాను, కోప్పడకండి. బుధవారం నేను ఫోన్ చేసి "కలపొద్దండి" అని పెట్టేశానే, అది బాపట్ల నుంచి. మనకు పెట్టెలిప్పించిన వ్యవసాయ కాలేజీ ప్రేమకుమారి మేడమ్ దగ్గరకు ఈగలు పట్టుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఆవిడ వాటిని నీళ్లలో నూరి, ఆ చుక్కను మైక్రోస్కోపులో చూపించారు.

"ఏం కనపడుతోందమ్మా?"

"బియ్యపు గింజలండి. మెరుస్తున్నాయి."

గింజలు కావట. ఒకే కణంతో బతికే జీవులట. ఈగ పేగులో పెరిగి, రెట్టలోంచి ఇంకో ఈగ నోట్లోకి పోతాయట. కలిపితే బాగున్న పెట్టె కూడా పోతుందట. వేసవిలో మీరు తెచ్చిన పాత తేనెపట్లతోనే వచ్చి ఉంటుందన్నారు. అవి పెట్టింది నాలుగోదానికీ, మీ దగ్గర నీరసంగా ఉన్న ఆ రెండింటికీ మాత్రమే కదా.

అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ తనే ఆ పెట్టెను దొడ్డి చివరికి మోయించారు. నా ఫోన్ వచ్చేసరికి కలిపేశారో లేదో మీరు చెప్పలేదు. అది తెలియక అన్నం సహించడం లేదు.

మీ సౌజన్య

కొల్లిపర

ప్రియమైన సౌజన్యా,

ఒకటి అప్పటికే కలిపేశాను. చెప్పడానికి నోరు రాలేదు. రెండోదానికి పేపరు పరిచి నిలబడ్డప్పుడు నీ ఫోన్ వచ్చింది. ఆపేశాను. కలిపిన పెట్టె ముందు ఇవాళ ఈగలు పాకుతూ కనిపించాయి. ఇక దాన్ని ఉంచి లాభం లేదని పట్లతో సహా తగలబెట్టాను. రెండోదాన్ని దూరంగా పెట్టాను. మిగతా పద్నాలుగూ బాగున్నాయి.

పక్క తోటల వాళ్లకు మా ఆవిడ కలపొద్దందని చెప్పాను. నవ్వారు. కానీ ఎవరూ కలపలేదు.

శనివారం వస్తున్నా. ఇక్కడి ఈగలనూ పరీక్షకు తెస్తా. బాపట్ల ఇద్దరం వెళ్దాం. మేడమ్‌తో నువ్వే మాట్లాడు, నేను గుమ్మం బయట నిలబడతా.

నీ రమేష్