నిశ్శబ్దానికి నూటికి తొంభై ఏడు

అక్టోబర్ 1, 2012, సోమవారం

ఉదయం 6:40. ఈసారి ఖాయం! ముప్ఫై రోజులు, రోజుకి నలభై పెల్లెట్లు (ఎయిర్‌గన్‌లో వేసే సీసపు గుళ్ళు), ఒక్క రోజు కూడా మానేది లేదు. నవంబర్ 3న డెంటన్ ఊరి దగ్గర, నా స్నేహితుడు వీరభద్రం పొలంలో ఎయిర్‌గన్ పోటీ. పోయినేడు పన్నెండు మందిలో నాది పన్నెండో స్థానం. పదకొండో స్థానం వచ్చినాయన చేతికి కట్టు కట్టుకుని వచ్చాడు.

సమయం: మధ్యాహ్నం 12:30 నుంచి 1. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి ఆ అరగంట నాది. సాయంత్రమైతే మా అమ్మాయి జెమీమా స్విమ్మింగ్, హోంవర్క్, వంట. చోటు: గరాజ్.

చిక్కల్లా మా ఆవిడ విమలతో. హాస్పిటల్‌లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి తొమ్మిదింటికి పడుకుంటుంది. గరాజ్‌కీ బెడ్‌రూమ్‌కీ మధ్య ఒక్కటే గోడ. పోయిన నెల ఇంటికొస్తూ సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీదే కునుకు తీసింది. వెనకవాడు హారన్ కొడితే లేచిందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ భయమే. "నా నిద్ర ఒక్కసారి చెడిందా, ఆ తుపాకీ వీరభద్రం అన్నయ్య ఇంటికి పోద్ది" అని తేల్చి చెప్పింది.

అందుకే మోడరేటర్లు. అంటే తుపాకీ మూతికి ఉండే, చప్పుడు తగ్గించే గొట్టాలు. వీరభద్రం తన మూడు ఎయిర్‌గన్‌లూ ఇచ్చాడు. మూడింటికీ కంపెనీవాళ్ళు బిగించిన గొట్టాలే. పేర్లు పెట్టాను: బక్కోడు, బొద్దోడు, పొడుగోడు.

మధ్యాహ్నం 2:00. పరీక్ష పూర్తి! ఈ రోజు విమలకి సెలవు, సరుకులకి వెళ్ళింది. ఆమె మంచం మీద వాళ్ళ నాన్న, మా మామయ్యగారు కూర్చున్నారు. చేతిలో ఎర్ర పెన్ను. దానియేలు మాస్టారంటే నరసాపురంలో హడల్. హెడ్‌మాస్టర్‌గా రిటైరై, ఆగస్టులో ఆరు నెలలకని ఈ దేశం వచ్చారు. నేను గరాజ్‌లో ఒక్కోదానితో కాలుస్తాను, చప్పుడు ఎంత తక్కువైతే అంత ఎక్కువ మార్కులు వేయమన్నాను.

బక్కోడు: 92
బొద్దోడు: 95
పొడుగోడు: 97

పక్కన రిమార్కు: "ప్రశాంతముగా నున్నది."

నలభై ఏళ్ళ సర్వీసులో అరవై దాటి వేసి ఎరగని మనిషి! కన్నకూతురికే లెక్కల్లో యాభై రెండు వేశారు. దేవునికి స్తోత్రం!

అక్టోబర్ 2, మంగళవారం

12:30. పొడుగోడు సిద్ధం.

12:33. నాలుగో పెల్లెట్. గరాజ్ తలుపు భళ్ళున తెరుచుకుంది.

"ఏంటండీ ఆ టకటకలు? ఎవరో గోడకి మేకులు కొడుతున్నారనుకున్నా!"

"మీ నాన్నగారు తొంభై ఏడు వేశారే!"

"అయితే నైట్ డ్యూటీకి ఆయన్నే పంపండి, నేను పడుకుంటా."

12:34. ఇవాళ్టికి ఇంతే.

అక్టోబర్ 3, బుధవారం

రాత్రంతా ఆలోచించి కనిపెట్టాను. తప్పు తుపాకీది కాదు, పెల్లెట్లు పట్టే ఇనప పెట్టెది! దాని వెనక పాత పరుపు, కింద రెండు దుప్పట్లు పెట్టాను. విమల పడుకుంది కాబట్టి మామయ్యగారిని హాల్లో, గోడ పక్కన కూర్చోబెట్టాను. 98!

12:41. విమల తలమీద దిండు పట్టుకునే వచ్చింది. చూసింది, వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

వీరభద్రానికి ఫోన్ చేశాను. "భయ్యా, ఆ పొడుగుదానితోని కాలిస్తే పక్కనున్న కుందేలు గూడ లేవది. చెల్లెది నర్సు చెవి, ఏం జేస్తం?" అన్నాడు. నాకూ అదే అనిపిస్తోంది. లోపం వినేవాళ్ళలో ఉంది.

అక్టోబర్ 4, గురువారం

ఆరు కాల్చాను. తలుపు తెరుచుకోలేదు! గెలిచాం!

మధ్యాహ్నం 3:30. గెలవలేదు. విమల మేడమీద జెమీమా మంచంలో పడుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల మంచం, కాళ్ళు మూరెడు బయటికి. పాదాలకి ఇంకా డ్యూటీ సాక్సులే ఉన్నాయి. సిగ్గేసింది.

అక్టోబర్ 5: కాల్చలేదు. ఆఫీస్ కాల్.

అక్టోబర్ 6, 7: శని, ఆదివారాలు లెక్కలోకి రావు. (ఈ రూల్ ఇవాళే పెట్టాను.)

అక్టోబర్ 8: భుజం పట్టేసింది. కాల్చకుండా ఎలా పట్టేసిందో!

అక్టోబర్ 9: తుపాకీ తుడిచాను. అదీ ప్రాక్టీసే.

అక్టోబర్ 10: కాల్చినవి ఇరవై ఆరు. కాల్చాల్సినవి నాలుగు వందలు. రేపు విమలకి సెలవు, జెమీమా స్కూల్‌లో మీటింగ్ ఉంది. ఇల్లు ఖాళీ. రేపు మళ్ళీ మూడింటికీ పరీక్ష.

అక్టోబర్ 11, గురువారం

12:30. మామయ్యగారు బెడ్‌రూమ్‌లో, నేను గరాజ్‌లో. తుపాకీ ఎత్తాక చూస్తే పెల్లెట్ల డబ్బా ఖాళీ! పరీక్ష లేదని చెప్దామని లోపలికి వెళ్ళాను.

కాగితం మీద అప్పటికే మార్కులు పడి ఉన్నాయి. బక్కోడికి 94. రిమార్కు: "మంచి ప్రగతి."

నేను ఒక్కటి కూడా కాల్చలేదు.

వెనక నుంచి "మామయ్యగారూ" అన్నాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. ఊహూఁ. నా నీడ కాగితం మీద పడితే తిరిగి చూశారు. చూసి, మెల్లగా పెన్నుకి మూత పెట్టేశారు.

"ఎప్పటి నుంచండీ?" అని చెవి దగ్గర గట్టిగా అడిగాను.

"రెండేళ్ళయింది. మీరు అంత ఆశగా అడుగుతుంటే వినబడలేదని ఎలా చెప్పను అల్లుడుగారూ? పైగా నాకు నిజంగానే ప్రశాంతంగా ఉంది."

నవ్వొచ్చింది, కానీ ఆయన నవ్వలేదు.

"విమలకి చెప్పకండి. తెలిస్తే బస్‌స్టాప్‌కి పంపదు. నరసాపురంలో వేలమంది పిల్లల్ని రోడ్డు దాటించాను. ఇక్కడ నాకున్నది ఆ ఒక్క పిల్లే."

నిజమే. మూడూ పదికి జెమీమా స్కూల్ బస్సు. తీసుకురావడం ఆయన డ్యూటీ, మమ్మల్నెవర్నీ ముట్టుకోనివ్వరు. ఆయన వెళ్ళబట్టే విమల ఇంకో గంట పడుకోగలుగుతోంది. చెప్పనని మాట ఇచ్చాను.

అక్టోబర్ 12, శుక్రవారం

3:05. మనసాగక వాకింగ్ వంకతో వెనకాలే వెళ్ళాను. బస్సు వెళ్ళిపోయాక ఇద్దరూ రోడ్డు దాటబోయారు. ఎడమ పక్కనుంచి చెత్త ట్రక్కు. ఊరంతా వినబడే మోత! ఆయన అడుగు ముందుకేశారు.

"తాతయ్యా, వెయిట్!" జెమీమా ఆయన చెయ్యి పట్టి లాగింది.

ఇంటికొచ్చాక దాన్ని పక్కకి పిలిచి అడిగాను.

"ఐ నో డాడీ. తాతయ్యకి వినపడదు, లెఫ్ట్ సైడ్ అస్సలు వినపడదు. సో నేను లెఫ్ట్‌లో వాక్ చేస్తా."

రెండు నెలలుగా ఎవరు ఎవర్ని ఇంటికి తెస్తున్నారో ఇవాళ తెలిసింది.

సాయంత్రం 6:00. మాట తప్పాను. విమలకి చెప్పేశాను. యూనిఫాం వేసుకుని వెళ్ళబోతున్నదల్లా కూలబడింది. "నా నిద్ర కోసం పిల్ల, మీరు, నాన్నగారు అందరూ దాచారా! ఇంక నాకు నిద్ర పట్టుద్దా?" అని ఏడ్చింది.

అక్టోబర్ 13 నుంచి 31

పెల్లెట్లు: సున్నా. బస్‌స్టాప్ డ్యూటీ నాకు పడింది. మామయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. భోజనం గదిలోకే తెప్పించుకుంటున్నారు. 19న చెవుల డాక్టర్ దగ్గరికి కూడా విమలతోనే వెళ్ళారు, కారులో వెనక సీట్లో కూర్చుని.

నవంబర్ 3, శనివారం

పోటీ. ఈసారి పదమూడు మంది వచ్చారు. నాది పదమూడో స్థానం.

నవంబర్ 4, ఆదివారం

మామయ్యగారికి చెవి మిషన్లు వచ్చి రెండు రోజులైంది. ఫ్రిజ్ రొద పెడుతోందంటారు. అప్పడం కొరికి తనే ఉలిక్కిపడుతున్నారు.

మధ్యాహ్నం 2:00. చర్చి తర్వాత విమల, జెమీమా క్వయర్ ప్రాక్టీసుకి ఆగిపోయారు. ఇరవై మూడు రోజుల తర్వాత మామయ్యగారు నాతో మాట్లాడారు. "ఆ తుపాకీ ఒకసారి కాల్చండి" అని బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి కూర్చున్నారు. పొడుగోడితో ఒక్కటి కాల్చాను.

తలుపు తెరుచుకుంది. ఆయనే వచ్చారు.

"అల్లుడుగారూ, ఈ మోతలోనా నా బిడ్డ పడుకుంది? దీనికా నేను మార్కులేసింది?"

అక్కడే ఐస్‌బాక్స్ మీద కూర్చుని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. నాకే ఎక్కువ తప్పనిపించింది. ఆయనకి వినబడలేదు. నాకు వినబడింది, అయినా ఆయన మార్కులు పట్టుకుని కాల్చాను. తర్వాత మూడు తుపాకులూ ఇద్దరం కలిసే పెట్టెల్లో సర్దాం.

నవంబర్ 7, బుధవారం

3:05. బస్‌స్టాప్‌కి నేనూ వస్తానని మామయ్యగారు బయల్దేరారు. కాదనలేకపోయాను. నాకు ఆఫీస్ కాల్ నడుస్తోంది, చెవి దగ్గర ఫోన్. మాట్లాడుతూ రోడ్డు మీదికి అడుగేశాను. చొక్కా కాలర్ పట్టుకుని ఎవరో వెనక్కి గుంజారు.

"ఆగండి! వస్తోంది!"

ఎడమ మలుపులోంచి వ్యాన్ రయ్యిమని వెళ్ళిపోయింది. నేను చూడలేదు, వినలేదు. ఆయన విన్నారు. ఇంకా నా కాలర్ వదల్లేదు.

విమల లేచాక జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "రేపటి నుంచి మీరు వెళ్ళకండి. నాన్నగారు వెళ్తారు. పిల్లని ఆయన తీసుకొస్తే నాకు నిశ్చింతగా నిద్ర పట్టుద్ది" అంది. మామయ్యగారు మాతో కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

నవంబర్ 10, శనివారం

ఉదయం 6:40. ఈసారి ఖాయం! ముప్ఫై శనివారాలు, వారానికి ఇరవై పెల్లెట్లు, వీరభద్రం పొలంలోనే. ఇవాళ మొదటి రోజు. మామయ్యగారు అప్పుడే బూట్లు వేసుకుని కారులో కూర్చున్నారు. తన కుర్చీ నా పక్కన వద్దట, పొలం చివర వేయమన్నారు. అంత దూరం నుంచి కూడా వినబడుతుందో లేదో చూసుకోవాలట.