డిస్‌ప్లే ఏదీ దాచదు

కూచిపూడి,
జూన్ 9.

బసవా కంప్యూటర్స్ మేనేజరు ఫిలిప్ గారికి ఛాయాదేవి ఆశీస్సులు.

మీ షాపులో కొన్న లాప్‌టాప్ ఎలా ఉందో రాయమని కబురు పెట్టారు. ఈమధ్య ఇంటికొచ్చి నాట్యం నేర్చుకునే పిల్లలు తగ్గిపోయి ఆన్‌లైన్ క్లాసు పెట్టాను. మిగిలిన నలుగురైదుగురికీ ఈ పెట్టే ఆధారం, నాకు వాళ్ళే ఆధారం. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

డిస్‌ప్లే ఏదీ దాచదు. దాచవలసినవి కూడా దాచదు. మైలవరంలో మా శిష్యురాలు అక్షయ అడుగు తప్పితే ఇక్కడ తెలిసిపోతోంది, సంతోషం. కానీ కర్టెన్ చాటున నిలబడి వాళ్ళమ్మ కూడా అడుగులేస్తూ కనబడుతోంది. ఆ వెనక వాళ్ళ తాతగారు హనుమయ్య గారు బనీనుతో పెసరట్టు తింటుంటారు. అట్టులో అల్లం ముక్కలు కూడా కనబడుతున్నాయి.

బ్యాటరీ అందరికంటే ముందుంటుంది. క్లాసు అయ్యాక పిల్లలు నమస్కారం పెట్టాలి కదా, వాళ్ళకంటే ముందు అదే నమస్కారం పెట్టి ఆరిపోతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో అంత కరెంటు పుడుతున్నా దీని కడుపు నిండదు.

టచ్‌ప్యాడ్ ముట్టుకుంటే చాలు. రెండు వేళ్ళు ఆనిస్తే పేజీ పరిగెడుతుంది, మూడు వేళ్ళు ఆనిస్తే పిల్లలంతా మాయమైపోతారు. నలభై ఏళ్ళుగా ముద్రలు పడుతున్న చేతులివి. ఏ వేలు దించితే ఏం కొంప మునుగుతుందోనని ఇప్పుడు భయం.

ఇట్లు,
ఛాయాదేవి.

తా.క. ఇది మొదట మెయిల్లోనే రాశాను. మణికట్టు టచ్‌ప్యాడ్‌కి తగిలి మొత్తం చెరిగిపోయింది. అందుకే కాగితం. పోస్టుడబ్బాకి టచ్‌ప్యాడ్ లేదు.

* * *

విజయవాడ,
జూన్ 14.

గౌరవనీయులైన ఛాయాదేవి మేడమ్ గారికి నమస్కారాలండీ.

మీ ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను. మా ఓనరు బసవపున్నయ్య గారు కళాకారులంటే ప్రాణం పెడతారు. "ఫిలిప్పూ, ఎంత బాగా మెచ్చుకున్నారయ్యా!" అని మురిసిపోయారు. మీ మాటలు పదిమందికీ చేరాలని వారి కోరిక.

బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే వెలుతురు బాగా తగ్గించుకోండి మేడమ్. టచ్‌ప్యాడ్ మీద ఒక్క వేలే వాడండి.

భవదీయుడు,
ఫిలిప్.

తా.క. పెసరట్టు సంగతి చదివి మా మెకానిక్ నాని టిఫినుకని వెళ్ళాడు. ఇంకా రాలేదు.

* * *

కూచిపూడి,
జూన్ 25.

ఫిలిప్ గారికి,

ఈసారి ఆశీస్సులు లేవు.

వెలుతురు తగ్గించమన్నారని ట్యూబులైటు ఆర్పి, కిటికీలు మూసి క్లాసు చెప్పాను. పిల్లలకి చీకట్లో నా కళ్ళు, ముక్కుపుడక తప్ప ఏమీ కనబడలేదట. ఒక పిల్ల జడుసుకుని జ్వరం తెచ్చుకుంది. బ్యాటరీ మాత్రం ఎప్పటిలాగే ముందు వెళ్ళిపోయింది.

అది అలా ఉంచండి. నిన్న పని మీద బెజవాడ వచ్చాను. ఏలూరు రోడ్డు మీద ఆటోలో పోతుంటే ఎదురుగా ఇంత ఫ్లెక్సీ! అందులో నేను! "డిస్‌ప్లే ఏదీ దాచదు! బ్యాటరీ అందరికంటే ముందుంటుంది! టచ్‌ప్యాడ్ ముట్టుకుంటే చాలు! ప్రముఖ నాట్యాచార్యులు ఛాయాదేవి." ఆటోవాడు నన్నూ బోర్డునూ మార్చి మార్చి చూసి, "మీరేనాండీ? కొనొచ్చంటారా?" అని అడిగాడు.

నా మాటల తోక కోసి తల ఊరేగిస్తారా? వేస్తే మొత్తం వెయ్యండి, లేదా పీకెయ్యండి.

ఛాయాదేవి.

తా.క. ఆ ఫొటో ఎక్కడ దొరికింది? చూస్తే తుమ్మబోతున్నట్టుంది.

* * *

విజయవాడ,
జూలై 1.

మేడమ్ గారికి శతకోటి నమస్కారాలు.

క్షమించాలి. వెలుతురు అంటే నా ఉద్దేశం తెర వెలుతురు. తప్పు నాదే.

ఫ్లెక్సీ వెంటనే మార్పించాం. మీరు చెప్పినట్టే అక్షరం పోకుండా మీ మొదటి ఉత్తరం మొత్తం వేయించాం. అక్షయ పాప అడుగు, వాళ్ళమ్మగారి కర్టెన్, హనుమయ్య గారి పెసరట్టు, ఏదీ వదల్లేదు. పాతదాంట్లో పట్టక రెండు అంతస్తుల ఎత్తు కట్టించాం. జనం బళ్ళు ఆపి మరీ చదువుతున్నారు. చదివి నవ్వుకుని వెళ్ళిపోతున్నారు. బోర్డు మార్చినప్పటినుంచి ఆ మోడల్ ఒక్కటి కూడా పోలేదు. బసవపున్నయ్య గారు నాతో మాట్లాడటం మానేశారు. ఇంకో ఉద్యోగం చూసుకోమంటారేమోనని హడలిపోతున్నాను.

మీ విధేయుడు,
ఫిలిప్.

తా.క. ఈసారి నవ్వుతున్న ఫొటో వేశాం.

* * *

కూచిపూడి,
ఆగస్టు 3.

చిరంజీవి ఫిలిప్‌కి దీవెనలు.

మొత్తం వెయ్యమన్నది నేనే. నిన్ను ఏమని తిట్టను? బోర్డు చూసిన అక్షయ తల్లి ఫోన్ చేసి, "మా ఇంటి గుట్టు రోడ్డెక్కించారు కదా మేడమ్!" అని ఒకటే ఏడుపు. ఆ పిల్ల కూడా మానేస్తుందనుకున్నాను, నా క్లాసు మూతపడినట్టే అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని ఆవిడ ఏమందో తెలుసా? "ఎలాగూ అందరికీ తెలిసిపోయింది, నన్నూ చేర్చుకోండి. చిన్నప్పుడు నేర్పించమంటే మా నాన్న వద్దన్నాడు." ఇప్పుడు కూతురి పక్కనే ఆడుతోంది. అడుగు కూతురికంటే నయం.

అక్కడితో ఆగలేదు. బోర్డు చదివి ఎక్కడెక్కడి తల్లిదండ్రులో ఫోన్లు చేస్తున్నారు. "మీ కంటికి ఏదీ దాగదటగా, అలాంటి గురువే కావాలండీ" అంటున్నారు. తెర నిండా పిల్లలే. ముందు వరస, వెనక వరస అన్నట్టు సర్దుకోవాల్సి వస్తోంది.

ఇంత సంతోషంలో ఒక్కటే బాధ. డిస్‌ప్లే పాడైంది. పాత పిల్లలు అద్దంలో ఉన్నట్టున్నారు. కొత్తగా చేరినవాళ్ళంతా మజ్జిగలో ముంచి తీసినట్టు కనబడుతున్నారు. వేస్తున్నది అడుగో, గంతో తెలియడం లేదు. వెంటనే మెకానిక్‌ని పంపు నాయనా.

ఆశీస్సులతో,
ఛాయాదేవి.

తా.క. నీ ఉద్యోగం ఏమైంది? పోయుంటే రా, తాళం వేద్దువుగాని.

* * *

విజయవాడ,
ఆగస్టు 12.

మేడమ్ గారికి పాదాభివందనాలు.

నాని వచ్చి చూశాడు కదండీ, మీ డిస్‌ప్లేకి ఏ రోగమూ లేదు. మీకు చెప్పడానికి వాడికి నోరు రాలేదట. నేను రాస్తున్నాను.

బోర్డు చదివి మీ దగ్గర చేరినవాళ్ళంతా ఫోన్ పెట్టేసి నేరుగా మా షాపుకే వచ్చారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "మేడమ్ గారి క్లాసుకి లాప్‌టాప్ కావాలండీ. ఆవిడకి ఏదీ దాగదట. ఇంట్లో సవాలక్ష ఉంటాయి. అస్సలు సరిగా కనబడని కెమెరా ఉన్నది ఏదైనా ఉందా?"

మసక కెమెరా అని ఎవరూ ముట్టని సరుకు మా గోడౌన్లో దుమ్ముపట్టి ఉంది. మొత్తం ఖాళీ అయిపోయింది. బసవపున్నయ్య గారు మాట్లాడటమే కాదు, నాకు జీతం కూడా పెంచారు. ఇంకా మసగ్గా ఉన్నవి ఎక్కడైనా దొరుకుతాయేమోనని హైదరాబాదు మనిషిని పంపారు.

మిమ్మల్ని జీవితాంతం మరిచిపోని,
ఫిలిప్.

తా.క. మా అమ్మాయి హెలెన్ కూడా మీ దగ్గరే చేరింది మేడమ్. వెనక వరసలో చివర, అందరికంటే మసగ్గా ఉన్న పాప. ఆ పీసు నేనే ఏరి ఇచ్చాను.