‘ఎక్కడికి’ ఉండవలసిన చోటు

కురబురి, బుధవారం

అన్నా, నేను కులాసాగానే ఉన్నాను. పట్నం మాస్టారితో గొడవపడి పని పోగొట్టుకున్నానని పడవవాళ్లు చెప్పి ఉంటారు. గొడవ నిజం, పని పోలేదు.

మన పిల్లల కోసం మన మోకెన్ భాషలో అచ్చువేసే వాచకంలో ‘నువ్వు పోతావు ఎక్కడికి?’ అని నేను చెప్పిన ప్రశ్నను ఆయన తిప్పేసి, ‘ఎక్కడికి’ని ముందుకు తెచ్చి ‘ఎక్కడికి నువ్వు పోతావు?’ అని రాశాడు. "ప్రశ్న ఇలాగే ఉండాలమ్మా. మీవాళ్లకు వ్యాకరణం తెలియదు," అన్నాడు. నేను ఆయనను వెంటబెట్టుకుని రేవుకు వెళ్లాను. అక్కడ దునుంగ్ పిన్ని చేపలు శుభ్రం చేస్తోంది. ఆయన తాను రాసింది రాసినట్టే ఆమెను అడిగాడు. పిన్ని కత్తి ఆపి నావైపు చూసి, "ఏమంటున్నాడే ఈయన? దారి తప్పాడా?" అంది. అదే ప్రశ్న నేను మన వరుసలో అడిగాను. "ఇంటికే. పోతాను ఇంకెక్కడికే," అంది వెంటనే.

ఆయన ముఖం ఎర్రబడింది. "తరువాత చూద్దాం," అన్నాడు. మార్చేదాకా పుస్తకంపై నా పేరు వేయడానికి వీల్లేదని అక్కడే చెప్పేశాను. ఈ ఉదయం ఆయనే ఆ పేజీ కొట్టేసి, నన్ను మళ్లీ చెప్పమన్నాడు. ఇంకా నలభై పేజీలున్నాయి. ప్రతి పేజీ చదివించుకుని విన్నాకే వస్తాను.

అమ్మ దగ్గు తగ్గిందా? మొగలాకు చాప ఒకటి పంపు, ఇక్కడి నేల చల్లగా ఉంటోంది. వదినకు నా మాటగా చెప్పు: బడిలో ఎవరు దిద్దినా సరే, పాపను ఇంట్లో మనలాగే అడగనివ్వండి. సముద్రం మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ చెల్లెలు,
మెలాయ్